ధనిష్ఠ కార్తెలో మంచు

మొన్న మా అమ్మాయి మంచు కొండల మీద జారి రావాలని ముచ్చటపడి, ఫలానా కొండ మీద గత ముప్పై ఏళ్ళలో ఏ వారం ఎంత మంచు పడిందో ఫోనులో గీతలు గీతలుగా చూసుకుని, నేను కాఫీ తాగేలోపు టికెట్లు కూడా కొనేసింది. ఆ వారమేదో తేల్చుకోవడానికే మాకు దసరా నుంచి దీపావళి దాకా పట్టిందనీ, అందులో ఒక వేరుశనగ రైతు, ఒక సిపాయి, ఒక గణిత పట్టభద్రుడు పాల్గొన్నారనీ చెబితే నమ్మదు. మీరైతే నమ్ముతారని రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కుప్పంలో బ్యాంకు గుమాస్తాను. నాలుగేళ్ళకొకసారి బ్యాంకువాళ్ళు ఛార్జీలిచ్చి ఎక్కడికైనా వెళ్ళి రమ్మనేవాళ్ళు. ఎవరో కాళ్ళకు చెక్కలు కట్టుకుని మంచు మీద జారడం టీవీలో చూసినప్పటినుంచీ నా భార్యకు అదే ధ్యాస. నగలు, చీరలు అడిగే మనిషి కాదు. అడిగింది ఇదొక్కటే కావడంతో కాదనడానికి నాకు సాకు దొరకలేదు. ఈసారి మంచు దొరక్కపోతే మళ్ళీ నాలుగేళ్ళు ఆగాలి. టికెట్లేమో రెండు నెలల ముందే కొనాలి.

పుంగనూరు దగ్గర సోమలలో మా అత్తవారిల్లు. సైన్యంలో ఉన్న మా బావమరిది ఉత్తరాన, మంచు జారుడుకు పేరున్న ఔలి కొండల కింద నాలుగు చలికాలాలు గడిపి, అప్పుడే సెలవు మీద వచ్చి ఉన్నాడు. అక్కడి మంచు గురించి మాకు అందుబాటులో ఉన్న ఏకైక గ్రంథం అతనే. చిక్కల్లా అతనికి తేదీలు గుర్తుండకపోవడం. "మంచు పడిన్నాడు మా వంటోడు జారిపడి పప్పు గిన్నె బోర్లేసినాడు బావా, ఆ దినం బాగా గురుతుండాది" అనేవాడు. మామగారు వాన మీదే వేరుశనగ పండించే మెట్ట రైతు. ఆ పప్పు ఒలికింది రథసప్తమికి ముందా, వెనకా, శివరాత్రికి ఇంకెన్నాళ్ళుంది అని ఆరాలు తీసి, హిమాలయాలను కార్తెల్లోకి దించారు. నాలుగేళ్ళూ మంచు శ్రవణ కార్తెలోనే, అంటే జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లోనే పడిందని తేలింది.

మదనపల్లె కాలేజీలో సంభావ్యత చదివి, ఎలాగో ప్యాసు కూడా అయినవాణ్ణి కనుక, శ్రవణంలోనే వెళ్దామన్నాను. మామగారు నా వైపు జాలిగా చూశారు.

"నాలుగేండ్లు వరసగా పడిండాది గదప్పా, ఇంగ ఐదో ఏడు యాల పడుతుంది? మనూర్లో ఎప్పుడన్నా అట్ల పడిందా? దాని ఎనక వచ్చే ధనిష్ఠకు పోదాం పదండి."

నా పుస్తకంలో ఈ అధ్యాయం లేదు. అయినా పిల్లనిచ్చిన మామతో లెక్కలు వాదించకూడదన్న ఇంగితం ఉండి, కుప్పం స్టేషన్లో వరసలో నిలబడి ధనిష్ఠకే టికెట్లు తీశాను. తేదీ తన మాట మీద మారింది కాబట్టి బాధ్యతగా తానూ వస్తానన్నారు మామగారు.

ఔలిలో మమ్మల్ని ఆహ్వానించినవి నీలాకాశమూ, ఎండు గడ్డీ. చెక్కలు అద్దెకిచ్చే ఆయన వాటిని గోడకు చేరేసి, పది రోజుల కింద పడిన మంచు ఎండకు కరిగిపోయిందని చెప్పాడు. అంటే శ్రవణంలోనే. నేను ఆ పది రోజులనూ వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టాను, మామగారికి వినపడేలా.

"ఈయప్పకు లెక్క, మా నాయనకు కార్తె. ఇద్దరూ కలిసి నాకు ఎండ సూపిస్తాండారు. సోమలలో లేదా ఎండ? దీనికి ఇన్ని రైళ్ళు యాల?" అని నా భార్య నవ్వింది కానీ, నవ్వుతూనే మొహం పక్కకు తిప్పుకుంది.

అది చూసి మామగారు అన్నం తగ్గించేశారు. తలకు తువ్వాలు చుట్టుకుని చెక్కలాయన పక్కన బల్ల మీద కూర్చునేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరు మబ్బు తునకను చూపిస్తే రెండోవారు తల అడ్డంగా ఊపేవారు. ఆ చెక్కలాయనదీ మెట్ట సేద్యమేనని నాకు అప్పుడు తోచింది.

బయలుదేరే రోజు సామాను జీపులోకి ఎక్కింది, నా భార్యా ఎక్కింది. మామగారు మాత్రం ఒక కాలు నేల మీదే ఉంచి, ముక్కు పైకెత్తి, "పాపా, దిగు! గాలి తిరిగింది, వస్తాండాది!" అని కూతురికి కేక పెట్టారు. డ్రైవరు కోపాన్ని రెండు విడతల టీతో చల్లార్చాను. ఈలోపు మంచు పడి గడ్డి అంతా తెల్లబడింది. నా భార్య చెక్కలు కట్టించుకుని, రెండు గజాలు జారి, పడి, పడినచోటే కూర్చుని చిన్నపిల్లలా నవ్వింది. లేవమన్నా లేవలేదు.

మామగారు అరచేతిలో మంచు పట్టి చూసుకుంటూ, "ఇంత బాగా పడతాండాదే, ఈడ ఒక్కడన్నా విత్తనం ఎయ్యడే!" అని బాధపడ్డారు.

శ్రవణంలో పడింది కనుక గెలుపు నాదని నేనూ, ధనిష్ఠలో పడింది కనుక తనదని ఆయనా, ఆయన పోయేదాకా వాదించుకుంటూనే ఉన్నాం. పొలం ఇప్పుడు బావమరిదిది. వేరుశనగ పోయి బోరు, డ్రిప్పు, టమాటా వచ్చాయి. మోటారు ఇంట్లో కూర్చునే వేస్తాడు. పంట అప్పటికంటే బాగానే ఉంది, నాకు ఫిర్యాదేమీ లేదు. పోయినసారి సోమల వెళ్ళినప్పుడు సాయంత్రం మంచి వాన కురిసింది. నేనూ, బావమరిదీ టీవీ చూస్తూ, వాన హోరుకు దాని శబ్దం వినపడటం లేదని కిటికీ మూసుకున్నాం. మామగారుంటే ఆ వాన ఒక్కటే మాకు నాలుగు రోజుల కబురయ్యేది.