యూసుఫ్ సాబ్ దూర్బీన్

మొన్న గద్వాలలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఎవరో సోడా సీసా మూత తీస్తే అది బండల మీద పడి టింగుమంది. నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. పక్కన కూర్చున్న మా బావమరిది "ఏమైంది బావా, అన్నంల రాయొచ్చిందా?" అని అడిగాడు. రాయి కాదు. ఆ చప్పుడుతో నాకు నాగర్‌కర్నూల్ బయటి మొరం తవ్వి వదిలేసిన పాత గుంత, అక్కడ తాడుకు వేలాడే సోడా మూతలు, వాటిని ఎయిర్‌గన్‌తో ఒక్కటొక్కటే ఎగరగొట్టే యూసుఫ్ సాబ్ గుర్తొచ్చారు. అంతటితో ఆగలేదు, కడుపులో పాత మంట కూడా లేచింది. మనిషి పోయి ఇన్నేళ్ళయినా ఆయన మీద నాకు అసూయ తగ్గలేదంటే మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ కాగితం పట్టుకుని తిమ్మాజిపేట నుంచి నాగర్‌కర్నూల్ వచ్చి ఆయన బోరు మోటార్ల దుకాణంలో పనికి కుదిరాను. వానలు లేని రోజులవి. దుకాణం ముందు కాలిపోయిన మోటార్లు ఎప్పుడూ గుట్టగా పడి ఉండేవి. వాటిని తెచ్చిన రైతులు కోపంగా వచ్చేవాళ్ళు. నేను వాళ్ళతో సమానంగా గొంతు పెంచేవాణ్ణి. ఒకరోజు సాబ్ నన్ను లోపలికి పిలిచి, "కిష్టా, మోటరు కాలినోనికి సగం పంట కాలినట్టే. ముందుగాల నీళ్ళియ్యి. తాగినంక మాట్లాడు" అన్నారు. ఆ మాటతోనే నాకు వ్యాపారం వచ్చింది. ఈ రోజు వనపర్తిలో నాకంటూ ఒక దుకాణం ఉందంటే దాని పునాది అదే. ఇంత చేసిన మనిషి మీద అసూయ ఎందుకంటారా? చెబుతాను.

శుక్రవారం దుకాణానికి సెలవు. జుమ్మా నమాజ్ చదివి, భోంచేసి, సాబ్ దుకాణంలో పనిచేసే మమ్మల్ని తన జీపులో మొరం గుంతకు తీసుకెళ్ళేవారు. ఎయిర్‌గన్ పట్టడం నాకు నేర్పింది ఆయనే. ఊపిరి సగం వదిలి ఆపడం, వేలును గుంజకుండా మెల్లగా నొక్కడం, గాలి ఎటు వీస్తోందో ఎండుగడ్డిని చూసి తెలుసుకోవడం, అన్నీ ఆయన చెప్పినవే. మా ఆటకు ఒక కట్టుబాటు ఉండేది. కొట్టినవాడు తన దెబ్బ గురించి తాను నోరు విప్పకూడదు. పక్కన ఒక సాక్షి కూర్చుని చెప్పాలి: మూతకు తాకిందా, పైకి పోయిందా, ఎడమకు పోయిందా. ఎవరి సాక్షిని వాళ్ళే పిలుచుకోవాలి. పిలిచారంటే అంత నమ్మకం ఉందని అర్థం. సాబ్ ఎప్పుడూ నర్సింలునే పిలిచేవారు.

ఈ నర్సింలు ఎవరంటే, ఒకసారి మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చి, మాటల్లో పడి మాతో గుంతకు వచ్చిన పల్లికాయ రైతు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం వచ్చేవాడు. తుపాకి ముట్టేవాడు కాదు. గొంతుక్కూచుని, బీడీ చెవి మీద పెట్టుకుని, "జర కిందికి సాబ్" అని మెల్లగా చెప్పడమే అతని పని. దుకాణంలో పొద్దంతా సాబ్ పక్కన ఉండేది నేను. ఆయన చాయ్‌లో చక్కెర వద్దని గుర్తుపెట్టుకునేది నేను. శుక్రవారం వచ్చేసరికి ఆ పక్క చోటు మాత్రం నర్సింలుది. నాకు ఒళ్ళు మండేది.

ఇక దూర్బీన్ సంగతి. తుపాకి మీద బిగించే స్కోపును సాబ్ దూర్బీన్ అనేవారు. నేను జీతంలో మిగుల్చుకుని మంచిదే ఒకటి కొనుక్కున్నాను. దానితో గురి కుదిరి, ఆయన కొట్టే మూతల లెక్కకు దగ్గరగా వచ్చానని సంబరపడే లోపు ఆయన తుపాకి మీద ఇంకా ఖరీదైనది కనిపించేది. మళ్ళీ దగ్గరికి వస్తే మళ్ళీ ఇంకొకటి. అద్దాలు ఒకదాన్ని మించి ఒకటి పెద్దవి. ఆయన కళ్ళజోడు తీసి లాల్చీ జేబులో పెట్టుకుని, ఆ నల్లటి గొట్టానికి కన్ను ఆనించే తీరు చూస్తే నాకు నిద్ర పట్టేది కాదు. నాకూ అలాంటిదుంటే ఆయనకు దీటుగా కొడతాను, అప్పుడు నర్సింలును కాదు, నన్నే పక్కన కూర్చోబెట్టుకుంటారు అనుకున్నాను. అందుకే హైదరాబాదులోని ఒక తుపాకుల దుకాణంవాడు, సాబ్ వాడుతున్న రకమే ఒకటి వచ్చిందని, నా పాతది తీసుకుని అది ఇస్తానని ఫోన్ చేసినప్పుడు నా కాళ్ళు నేల మీద నిలవలేదు. శనివారం దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. శుక్రవారం గుంత దగ్గర సాబ్‌ను అడిగాను.

"సాబ్, మీ అసొంటి దూర్బీనే వచ్చిందట. మార్చమంటరా?"

"నీకెందుకు కిష్టా? ఉన్నదాంట్ల నీకు మూత మీది రంగు గూడ కనబడ్తది."

"మీకు గూడ కనబడ్తది గద. మరి మీరెందుకు మారుస్తున్నరు?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వారు. "నాది షోకు."

ఆయనకు షోకు, నాకు మాత్రం ఉన్నది చాలు. నేను ఆయనంత ఎదగకూడదన్నమాట. ఆ మాట నాలో గుచ్చుకుని ఉండగానే సాయంత్రపు అసర్ నమాజ్ వేళయింది. సాబ్ తన తుపాకిని నా చేతుల్లో పెట్టి, చాప పట్టుకుని జీపు అవతలికి వెళ్ళారు. అంతకు ముందెప్పుడూ దాని లోంచి చూసే అవకాశం నాకు రాలేదు. కన్ను ఆనించాను. లోపల అంతా మసక. మూతలు కాదు కదా, వాటిని కట్టిన తాడు కూడా కనపడలేదు. నాకు పట్టలేనంత ఆనందం వేసింది. ఇన్నాళ్ళు నన్ను ఊరించిన దూర్బీన్ ఇదా అనుకున్నాను.

"నర్సింలూ, మీ సాబ్ దూర్బీన్ పని అయిపోయింది. పొగల చూసినట్టున్నది" అంటూ కంటి దగ్గరి రింగు మీద చెయ్యి వేశాను.

నర్సింలు చటుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు. "రింగు ముట్టకన్నా. గది సాబ్ కంటికి పెట్టింది. శివరిదాంక తిప్పే ఉన్నది. ఇంక తిరగదు."

కొట్టేవాడి చూపుకు తగ్గట్టు సరిచేసుకోవడానికి ప్రతి స్కోపుకూ ఆ రింగు ఉంటుంది. నా దాంట్లో కొద్దిగా తిప్పితే చాలు. ఆయనది ఆ కొస దాకా వెళ్ళి ఆగిపోయి ఉంది. నర్సింలు జీపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఏటేటా కళ్ళజోడు నంబరు పెరుగుతుంది. కంటి లోపలి నరం గూడ ఎండుతుందట. అద్దాలతోని గాదు, ఆపరేషన్‌తోని గాదు అన్నరట పెద్ద దవాఖానల. ఒక దూర్బీన్‌ల కనబడకుంటే ఇంకోటి తెస్తుండు. మూత ఆయనకు ఒక మచ్చ లెక్క కనబడ్తది, గంతే. మొదటి దెబ్బ యాడ పోయిందో నేను చెప్తె, దాన్నిబట్టి రెండోది కొడ్తడు."

అలాంటి మాట వింటే ఎవరికైనా గుండె కలుక్కుమనాలి. నాకు మాత్రం మొదట తట్టింది ఒక్కటే: నర్సింలుకు తెలుసు, నాకు తెలియదు. నెలల నుంచి తెలుసు. పొద్దున షట్టరు ఎత్తేది నేను, సాయంత్రం దించేది నేను. బిల్లు మీద సంతకం ఎక్కడ పెట్టాలో నా చేత వేలు పెట్టించుకుని చూపించుకునేవారు. అదీ పెద్దరికమే అనుకున్నాను. నమాజ్ ముగించి చాప చుట్టుకుంటూ వచ్చిన సాబ్‌కు ఎదురుగా నిలబడ్డాను.

"నర్సింలుకు చెప్పినరు. నాకెందుకు చెప్పలే సాబ్?"

ఆయన నర్సింలు వైపు తిరిగారు. అతను తల దించుకున్నాడు. సాబ్ జీపు బానెట్ మీద చెయ్యి ఆనించారు.

"ఆయనకు నేను చెప్పలే. పక్కన కూసున్నోనికి దానంతట అదే సమజైంది."

"నన్ను కూసోబెట్టుకుంటే నాక్కూడ సమజైతుండె గద."

"అందుకే కూసోబెట్టుకోలే." ఆయన గొంతులో కోపం లేదు. "ఇంట్ల బేగం నన్ను చెయ్యి పట్టి మెట్లు దింపుతది. అల్లుడు ఫోన్ల ఏడుస్తడు. నర్సింలు సుత కాళ్ళకు రాయి అడ్డమొస్తే నా మోచెయ్యి పట్టుకుంటడు. అందరికి నేను పాపం యూసుఫ్‌నే. నువ్వొక్కనివే నన్ను చూసి కుళ్ళుకుంటుంటివి. నీ మాటల ఆ మంట వింటే నాకు పానం లేచొస్తుండె, నేనింకా మొగోన్నే అనిపిస్తుండె. గది గూడ పోగొట్టుకోమంటవా?"

 తిరిగి వచ్చేటప్పుడు జీపు నేనే నడిపాను. అంతకు ముందు కూడా చాలాసార్లు నేనే నడిపానని, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదని అప్పుడు తోచింది.

మర్నాడు హైదరాబాదు బస్సెక్కాలా వద్దా అన్నది తెల్లవారేదాకా తేలలేదు. చూపు పోతున్న మనిషి మీద గెలవడానికి అంత దూర్బీన్ కావాలా అని ఒకవైపు సిగ్గు. వెళ్ళకపోతే ఆయన మీద జాలిపడి ఆగినట్టు. జాలే కదా ఆయన వద్దన్నది. చివరికి బస్సెక్కాను. పాతది ఇచ్చేసి కొత్తది తెచ్చాను. దాని లోంచి చూస్తే మూత అంచు మీది పళ్ళు కూడా కనిపించాయి.

ఆ తర్వాతి శుక్రవారం నిజంగానే గెలవాలని కొట్టాను. ఒక్కటీ ఊరికే వదలకుండా కొట్టాను. సాబ్ తన పాత పద్ధతిలోనే కొట్టారు. మొదటిది పోగొట్టుకోవడం, నర్సింలు "జర ఎడమకు" అనడం, రెండోదానికి మూత ఎగరడం. గాలి లేచినప్పుడు నేను తొందరపడ్డాను. ఆయన తుపాకి దించి, బుగ్గకు తగిలే గాలి ఆగేదాకా అలాగే కూర్చున్నారు. చివరకు నాకంటే ఆయన మూతలే ఎక్కువ రాలాయి. ఇంత పెట్టి తెచ్చుకున్న దూర్బీన్‌ను పక్కన పారేయాలనిపించింది. నా వల్ల కాక లేచి నిలబడ్డాను.

"నర్సింలూ, కిష్ట మొకం ఎట్లున్నది?" అని అడిగారు సాబ్.

నర్సింలు నన్ను పరీక్షగా చూసి, "మాడిపోయింది సాబ్" అన్నాడు.

సాబ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. ఆయన అంతలా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. నాకు నవ్వు రాలేదు. ఆ పూట ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు కూడా.

ఆ తర్వాత ఆయన చూపు పూర్తిగా పోయింది. కొన్నాళ్ళకు నిద్రలోనే గుండె ఆగిపోయింది. అంత్యక్రియలకు జనాజా వెంట నడుస్తుంటే నాగర్‌కర్నూల్ అంతా ఒకటే మాట. పాపం, మంచి మనిషి. పాపం, చూపు లేక ఎంత అవస్థ పడ్డాడో. నర్సింలు కూడా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని పాపం అన్నాడు. నేనూ అందామని నోరు తెరిచాను. నాకు ఆ శుక్రవారం ఆయన నాకంటే ఎక్కువ రాల్చిన మూతలే కళ్ళ ముందు కదిలాయి, ఒళ్ళు మండింది. ఆ మాట నా నోట రాలేదు. ఇప్పటికీ రాదు.