రెండోసారి పాడిన పద్యం

చచ్చిపోవడంలో నేను దిట్టను. గొప్పకి చెప్పడం లేదు, ఆరేళ్ళ వయసు నుంచి పన్నెండు నిండేదాకా నా ఉద్యోగమే అది. రాజుగారి కొడుకు వేషం నాది. మొదటి సగంలో ముద్దుముద్దుగా రెండు పద్యాలు పాడతాను, రెండో సగంలో పాము కరిచి పోతాను. తల్లి నన్ను ఒళ్ళో వేసుకుని ఏడుస్తూ పద్యం ఎత్తుకుంటుంది. అది ఏ నాటకమో తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మస్కట్‌లో, ఘుబ్రాలో ఒక నర్సరీలో పనిచేస్తున్నాను. కాగితాల మీద అసిస్టెంట్ టీచర్ని, చేసేది ఆయా పని. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లల్ని చిన్న చిన్న పరుపుల మీద వరసగా పడుకోబెట్టి జోకొట్టడం నా డ్యూటీ. ఒమానీ పిల్లలూ, మలయాళీ పిల్లలూ, మనవాళ్ళు ఒకరిద్దరూ ఉంటారు. నిద్రపొమ్మనడానికి "నూమ్, నూమ్" అంటాను. నాకొచ్చిన అరబ్బీలో సగం అదే.

ఎవరు నిజంగా నిద్రపోయారో, ఎవరు దొంగనిద్ర పోతున్నారో నాకు చూడగానే తెలిసిపోతుంది. దొంగనిద్ర వాళ్ళు కనురెప్పలు బిగిస్తారు. నటించడం తెలిసినవాళ్ళు రెప్పలు వదిలేస్తారు. ఒక ఒమానీ పాప ఉంది, వాళ్ళది సూర్ అనే ఊరు. తండ్రి అక్కడే ఉంటాడు, ఇక్కడ నానమ్మ దగ్గర పెట్టి చదివిస్తున్నారు. తల్లి మాట ఎవరూ ఎత్తరు. ఆ పిల్లది రోజూ దొంగనిద్రే. నేను పక్క పరుపు దగ్గరికి జరగగానే కళ్ళు తెరిచి నా చెయ్యికేసి చూస్తుంది. మళ్ళీ వెళ్ళి నాలుగు తట్లు తట్టి వచ్చేస్తాను. నటించేవాళ్ళకి అంతకంటే జోకొట్టడం నా జీతంలో లేదు.

అలా తట్టి వచ్చేసేటప్పుడే నాకు ఆవిడ గుర్తొచ్చేది, నాటకంలో నా తల్లి. విడిగా పిన్నీ అని పిలిచేదాన్ని. మాకు చుట్టరికమేమీ లేదు, నాటక సమాజంలో ఆడవాళ్ళందరూ నాకు పిన్నులూ అత్తలూను. మా నాన్న ఆ సమాజంలోనే హార్మోనిస్టు. మా అమ్మ నన్ను కన్న ఏడాదికే పోయింది, మొహం కూడా గుర్తులేదు. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక నాన్న నన్ను నాటకాలకి తిప్పాడు. తిప్పుతున్నప్పుడు ఊరికే కూర్చోబెట్టడమెందుకని వేషం కట్టించారు. అంతే, స్టారునైపోయాను. వాల్‌పోస్టరు మీద రాజుగారి ఫొటో పక్కనే నా ఫొటో, కింద 'బాలతార' అని ఎర్రక్షరాలు. ఆడపిల్లనని చాలామందికి తెలియదు. దిగిన ఊళ్ళో బళ్ళోనే మా బస, పొద్దున్నే కిటికీల నిండా జనం నన్ను చూడ్డానికి.

అంతమంది చూస్తున్నా నాతో ఆడుకునేవాళ్ళు ఒక్కరూ ఉండేవారు కాదు. ఏ ఊళ్ళోనూ రెండు పూటలు ఉంటే కదా. నాన్నకి శ్రుతి తప్ప లోకం లేదు. తాళం తప్పితే మొట్టికాయ, తప్పకపోతే ఏమీ లేదు. అంచేత రోజు మొత్తంలో నేను ఎదురుచూసేది చచ్చిపోయే సీను కోసమే. ఆవిడ ఎడమ తొడమీద తల పెట్టుకుని, ఆవిడ చీర చెంగు కప్పుకుని పడుకోవచ్చు. దోమలు కుడుతుంటాయి, పెట్రోమాక్సు పురుగులు మొహం మీద పాకుతుంటాయి, అయినా సరే.

పద్య నాటకాలు చూడనివాళ్ళ కోసం ఒక సంగతి చెప్పాలి. పద్యం బాగుంటే జనం 'వన్స్ మోర్' అని అరుస్తారు. అరిస్తే మళ్ళీ పాడి తీరాలి. రాజుగారు కత్తి దూసి ఉంటే దూసినట్టే ఆగుతాడు, శవం శవంలాగే ఉంటుంది, కథ అక్కడే నిలబడిపోతుంది. పద్యం మళ్ళీ మొదటి నుంచి వస్తుంది. మా సీనుకి ప్రతి ఊళ్ళోనూ వన్స్ మోర్ పడేది. ఎక్కడో వెనక, సోడాబండి దగ్గర ఒక గొంతు లేచేది, ఆ వెంటనే పందిరంతా అందుకునేది. నాన్న మళ్ళీ శ్రుతి పట్టేవాడు. మొదటిసారి పాడేటప్పుడు ఆవిడ రెండు చేతులూ పైకెత్తి దేవుణ్ణి నిలదీసేది. రెండోసారి మాత్రం ఒక చెయ్యే లేచేది. రెండోది చెంగు కింద నా వీపు మీద ఉండేది, మెల్లగా జోకొడుతూ.

జనానికి కనపడేది కాదది. నాకూ ఆవిడకే తెలుసు. ఆ చెయ్యి కోసం నేను ఒళ్ళంతా వదిలేసి పడుకునేదాన్ని, ఎంత బాగా చచ్చిపోతోందో పిల్ల అని ముందు వరసలో ఆడవాళ్ళు ముక్కులు చీదేవారు. తెర పడ్డాక మాత్రం ఆవిడ వేరే మనిషి. లేవే బరువు, కాలు తిమ్మిరెక్కింది అని తోసేసేది. పొద్దున్న అసలు దగ్గరికే రానిచ్చేది కాదు, గొంతు బొంగురుపోయి మిరియాల నీళ్ళు తాగుతూ మూల కూర్చుని సైగలతో కసిరేది. అందుకే నాకు ఆ చెయ్యి సంగతి ఎప్పటికీ తేలలేదు. అది నాకోసం పెట్టిన చెయ్యా, వేషంలో భాగమా? ఎన్ని ఊళ్ళు తిరిగినా అడిగే ధైర్యం రాలేదు. కాదంటే నాకింకేం మిగులుతుంది?

పన్నెండు నిండేసరికి పొడుగు సాగిపోయాను. ఒళ్ళో పడుకుంటే కాళ్ళు తెరదాకా వెళ్ళేవి, జనం నవ్వడం మొదలెట్టారు. నాటకాల కాంట్రాక్టరు ఇంకో పిల్లాణ్ణి తెచ్చాడు. బాలతార అన్న ఎర్రక్షరాలు అలాగే ఉంచి ఫొటో మార్చేశారు. వాడి మొదటి నాటకం నేను సైడు తెర వెనక నిలబడి చూశాను. ఆవిడ పద్యం ఎప్పటిలాగే పాడింది, ఇంకా బాగానే పాడిందేమో కూడా. జనం చప్పట్లు కొట్టారు, వన్స్ మోర్ మాత్రం అనలేదు. తర్వాత ఎన్ని ఊళ్ళలో చూసినా అంతే. నాకు ఎక్కడలేని సంతోషం. వన్స్ మోర్ పద్యానికి కాదు, నా చావుకి అని తేలిపోయింది కదా! ఆ తర్వాత నన్ను మేనత్త ఇంట్లో పెట్టి బళ్ళో వేశారు. చదువు రాలేదు, పెళ్ళయింది, ఆయన వెంట ఇక్కడికొచ్చాను. ఏ రోజు ఎంత చిన్నబుచ్చుకున్నా లోపల ఒక మాట అనుకునేదాన్ని: నేను ఉన్నప్పుడే వన్స్ మోర్ పడేదిరా, నేను లేకపోతే పడలేదు.

మా ఆయన ఇబ్రిలో ఒక కంపెనీ సైట్‌లో స్టోరు చూస్తాడు. గురువారం సాయంత్రం వస్తాడు, శనివారం వెళ్ళిపోతాడు. పని ఎక్కువైతే ఆ రావడమూ ఉండదు. అమ్మాయి హైదరాబాదులో కాలేజీలో ఉంది. నర్సరీ నుంచి మూడింటికి ఇంటికొస్తే మళ్ళీ పొద్దున్న దాకా నేనూ, ఏసీ చప్పుడూ. ఒక్కోసారి శుక్రవారం ఎవరికైనా ఫోన్లో హలో అంటే, ఆ రోజుకి అదే నా మొదటి మాట అయ్యేది.

మొన్న ఉగాదికి తెలుగువాళ్ళంతా కలిసి ఒక హాలు అద్దెకి తీసుకుని కార్యక్రమం పెట్టుకున్నారు. ఎవరింట్లోనో భోజనాల దగ్గర మా ఆయన నోరు జారి మా ఆవిడ చిన్నప్పుడు స్టేజి స్టారండీ అన్నాడట. ఇంకేముంది, ఆంటీ ఒక పద్యం పాడాలి అని వెంటపడ్డారు. కుదరదన్నాను, గొంతు లేదన్నాను. కుదరదంటూనే బీరువాలోంచి పట్టుచీర తీసి ఇస్త్రీకి ఇచ్చాను. మనిషి మనసు చూడండి!

నా పద్యాలు చిన్నపిల్లాడివి, ఈ వయసులో పాడితే నవ్వుతారు. తల్లి పద్యం ఎత్తుకున్నాను. నేర్చుకోలేదు, చచ్చిపడి వినీ వినీ వచ్చేసింది. హార్మోనియం లేదు, కీబోర్డు అబ్బాయికి సినిమా పాటలు తప్ప రావు, వద్దని నేనే శ్రుతి చూసుకున్నాను. గొంతు పలికింది. నిజంగా పలికింది! చివర రాగం కూడా ఆగకుండా తీశాను. అప్పుడొక పని చేశాను. మా సమాజంలో రాగం అయ్యాక ఎత్తిన చెయ్యి వెంటనే దించకూడదు, వన్స్ మోర్ పడేదీ లేనిదీ చూసుకోవాలి. ఆ అలవాటున అలాగే నిలబడ్డాను, చెయ్యి గాల్లో ఉంచి, వెనక వరసలకేసి చూస్తూ.

చప్పట్లు కొట్టారు, పాపం. అవి ఆగిపోయాయి. నేను ఇంకా చెయ్యి దించలేదు. హాల్లో ఎవరో పులిహోర వచ్చిందా అని అడగడం వినిపించింది. చివర్లో కుర్చీలు సర్దుతున్న మనవాళ్ళు, కరీంనగర్ వైపు వాళ్ళు, నలుగురు నావైపు చూస్తూ నిలబడ్డారు, వాళ్ళకి వన్స్ మోర్ సంగతి తెలిసే ఉంటుంది, కానీ హాల్లో పని చెయ్యడానికి వచ్చినవాళ్ళు, అరుస్తారా? యాంకరమ్మాయి మెల్లగా నా పక్కకొచ్చింది.

"ఆంటీ, అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా," అన్నాను. మైకు అందుకుని ఆ అమ్మాయి పిల్లల డాన్సు ప్రకటించింది. తల కొట్టేసినట్టయింది నాకు. భోజనానికి ఆగకుండా టాక్సీ పట్టుకుని వచ్చేశాను. పని ఉండి రాలేకపోయిన మా ఆయన ఇబ్రి నుంచి ఫోన్ చేసి ఎలా జరిగింది అంటే బాగానే జరిగిందన్నాను.

మర్నాడు ఇండియాలో భోజనాలయ్యే వేళ చూసి పిన్నికి ఫోన్ చేశాను. ఆవిడిప్పుడు తన చెల్లెలింట్లో ఉంటోంది, ఈ వయసులోనూ మిషను కుట్టుకుంటోంది. ఏడాదికి రెండు మూడుసార్లు మాట్లాడుకుంటాం, చీరల రేట్లూ మోకాళ్ళ నొప్పులూ తప్ప ఏమీ అనుకోం. ఆ రోజు జరిగిందంతా చెప్పేశాను, చెయ్యెత్తి నిలబడ్డ ముక్కతో సహా. ఆవిడ పగలబడి నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నవ్వకు పిన్నీ, మన రోజుల్లో నేను పడుకుంటే వన్స్ మోర్ పడని ఊరు ఉందా, ఆ పిల్లాడు వచ్చాక ఒక్కసారైనా పడిందా అని దులిపేశాను.

అటు వినపడుతున్న మిషను చప్పుడు ఆగింది.

"పిచ్చిమొహమా, ఆ వన్స్ మోర్ నేనే అనిపించేదాన్నే," అంది. "సోడాబండాయన లేడూ, మన వెనకే తిరిగేవాడు. సాయంత్రం కిళ్ళీ కట్టి ఇచ్చి చెప్పేదాన్ని. ఒకడు మొదలెడితే చాలు కదా, జనం అందుకుంటారు."

వంటింటి గట్టు పట్టుకుని కూర్చుండిపోయాను. నా బతుకు మొత్తానికీ నాకున్న ఒక్క బిరుదూ కిళ్ళీకి కొన్నదన్నమాట. ఏడుపొచ్చింది, ఆవిడకి వినపడనివ్వలేదు. పేరు కోసం చాలామంది అలా చేయించుకుంటారని నాకూ తెలుసు, నువ్వూ చేయించుకున్నావా అన్నాను.

"నాకేం పేరే? రెండోసారి పాడితే పొద్దున్నకి గొంతు పోయేది. మీ నాన్న తిట్టేవాడు కూడాను, ఉన్న గొంతు పాడుచేసుకుంటున్నావని. నువ్వే కదే అడిగావు? ఎక్కడో బస చేసినప్పుడు నీ మొహానికి రంగు తుడుస్తుంటే, పిన్నీ, రేపు కూడా రెండుసార్లు పాడతావా, ఇంకాసేపు పడుకుంటాను అన్నావు."

నాకది గుర్తే లేదు. ఎంత తవ్వుకున్నా రాలేదు.

మరి ఆ చెయ్యో, అన్నాను. ఏ చెయ్యీ అని రెండుసార్లు అడిగించుకుని చెప్పాను.

"మొదటిసారి చేతులెత్తి ఏడవాలి కదే, అది వేషం. రెండోసారి వాళ్ళకి పద్యమే కావాలి. చెయ్యి నాది."

ఇంకో మాట కూడా అడక్కుండా ఉండలేకపోయాను. నా తర్వాత వచ్చినవాడికి ఎందుకు అనిపించలేదు, పిన్నీ?

"వాడికి వాళ్ళమ్మ ఉంది కదే," అంది. "తెర పక్కనే తువాలు పట్టుకుని నిలబడి ఉండేది, వాడెప్పుడు లేస్తాడా అని."

ఆ తర్వాత మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేశాక ఇల్లంతా ఎప్పటిలాగే ఉంది. మిరియాల నీళ్ళ గ్లాసు పట్టుకుని మూల కూర్చుని కసిరే ఆవిడ మొహమే కళ్ళముందు కదిలింది. ఎన్ని పొద్దుటిపూటలు ఆవిడ మాట పోగొట్టుకుంది నాకోసం! ఒక్కసారి దగ్గరికెళ్ళి కూర్చున్నానా? ఇప్పుడు వెళ్దామంటే మధ్యన సముద్రం.

ఆదివారం నర్సరీలో పిల్లలందరూ త్వరగానే పడుకున్నారు. సూర్ పాప ఎప్పటిలాగే రెప్పలు బిగించి పడుకుంది. నాలుగు తట్లు తట్టి లేవబోయాను. రెప్పలు ఇంకాస్త బిగుసుకున్నాయి. లేవలేదు, కూర్చున్నాను. మేడమ్ తలుపు దగ్గరికొచ్చి ఇంకా పడుకోలేదా ఆ పిల్ల అని సైగ చేసింది. లేదు అన్నట్టు తల ఊపి, మళ్ళీ మొదటి నుంచి జోకొట్టడం మొదలెట్టాను.