దానయ్య మావ మూడు కరెంట్లు

దానయ్య మావ ఒక్క కరెంటును నమ్మడు. కరెంటే కాదు, ఒంటరిగా ఉన్న దేన్నీ నమ్మడు. లుంగీకి గట్టిగా ముడివేసి, దాని మీద బెల్టు బిగించే మనిషిని రాయపూర్ మొత్తం మీద ఆయన్నొక్కణ్ణే చూశాను.

డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా పక్క క్వార్టరు ఆయనది. రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఎలక్ట్రీషియను. తొంభై నాలుగులో తుక్కు వేలంలో అద్దం పగిలిన సోలార్ పలక ఒకటి, ముసలి లారీ బ్యాటరీలు రెండు కొన్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో మూడు కరెంట్లు: బోర్డుది, ఎండది, బ్యాటరీది. మబ్బు కనిపిస్తే చాలు, డాబా మీంచి కేక వినిపించేది.

"అప్పలనరసమ్మా! మబ్బొచ్చింది, పంకా ఆపు!"

"ఎల్లిపోనాది, ఏస్తున్నాను!" అనేది భార్య లోపల్నుంచి.

"ఆగెహే! ఎనకాల ఇంకోటొస్తన్నాది!"

చదువు ఆగి, పని దొరక్క, లోకమంతటి మీదా నాకు కోపంగా ఉన్న రోజులవి. దొరికిన పుస్తకమల్లా చదివి అందరితో తగువు పెట్టుకునేవాణ్ణి. ఈయన దగ్గర మాత్రం తగువు మరిచిపోయి ప్రశ్నలు వేసేవాణ్ణి.

"బోర్డు కరెంటుండగా ఎండెందుకు మావా?"

"బోర్డుది బొగ్గు కరెంటురా. రేయీ పగలూ పనిచేస్తాది. కానీ వైరు తెగితే? ఎండకి వైరు గొడవ లేదు, మబ్బు గొడవుంది. ఇద్దరూ మంచోళ్లే. ఇద్దరూ ఒకేపాలి సెలవెడితే ఏటవుతాది? అందుకే మూడోవోడు డ్యూటీలో ఉండాల."

ఆ మూడోవాడైన బ్యాటరీని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ ఏడు జూన్ ఉక్కలో లైను పోయి అందరూ అట్టముక్కలతో విసురుకుంటున్నా, అది మాత్రం నిండుగా కూర్చునేది.

"దాన్ని నా తద్దినానికి దాస్తన్నాడు బాబూ," అంది అప్పలనరసమ్మ.

కాలనీ గోడ అవతలి బస్తీలో నాంచారమ్మకు కోడిపిల్లల అమ్మకమే జీవనాధారం. చెక్కపెట్టెలో బల్బులు పెట్టి, ఆ వేడితో ఇరవై ఒక్క రోజులు గుడ్లు పొదిగించేది. అంతకు ముందు ఏడాది గుడ్లు పెట్టిన పంతొమ్మిదో రోజున లైను పోయి అరవై గుడ్లూ పాడయ్యాయి. ఈసారీ అలాగైతే పెట్టె పొయ్యిలో పెట్టేస్తానంది. ఎవరి సాయమూ పుచ్చుకోదు, ఇస్తానంటే తిడుతుంది.

జూలైలో, గుడ్లు పెట్టెలోకెక్కిన ఇరవయ్యో రోజు పొద్దున్నే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పైన నల్లటి మబ్బు. నేను గోడ దూకి పరుగెత్తాను. పెట్టె చల్లారి ఉంటుందనుకున్నాను.

పెట్టెలో రెండు లారీ దీపాలు పచ్చగా వెలుగుతున్నాయి. వాటి వైరు గోడ దాటి దానయ్య మావ ఇంట్లోకి వెళ్లింది.

"ఇదెప్పట్నుంచి?" అన్నాను.

"గుడ్లెట్టిన రోజునుంచే," అంది నాంచారమ్మ. "బ్యాటరీకేదో పరీక్షంట. నా పెట్టె అరువిమ్మని బతిమాలేడు. పోనీలే పాపమని ఒప్పుకున్నాను."

నేను తిరిగొచ్చి ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"సూపులేటిరా? డాబా ఎక్కు. ఎండొస్తే కేకెయ్యి. బ్యాటరీ దిగిపోతన్నాది."

సాయంత్రం దాకా మబ్బుల కాపలా నాదే. "ఎండ!" అంటే ఆయన రెండు దీపాలూ వేసేవాడు. "మబ్బు!" అంటే ఒకటి ఆపేవాడు, నాంచారమ్మ పెట్టె మీద బొంత కప్పేది. దీపాలు ఎర్రబడి, కళ్లు మూసుకునే వేళకి లైను వచ్చింది.

తెల్లారేసరికి పెట్టెనిండా గోల. చివరి పిల్ల ఒకటి మాత్రం తడిగా, వణుకుతూ ఉంది. దాన్ని తీసి దానయ్య మావ చొక్కాలో వేసుకున్నాడు. ఈలోగా డ్యూటీ సైరను మోగింది. అలాగే బయల్దేరాడు. ఉండబట్టలేక వర్క్‌షాపు గేటు దాకా నేనూ వెళ్లాను.

హాజరు వేయించుకునే వరసలో ఆయన వంతు రాగానే చొక్కా కీచుమంది. గుమాస్తా తలెత్తాడు.

"క్యా హై, దానయ్యా?"

"ఖాన్సీ హై, సాబ్," అని మావ చిన్నగా దగ్గాడు.

చొక్కాలోది ఇంకా గట్టిగా దగ్గింది.