మా మామగారూ, ఆయన కారు నల్ల పట్టీలూ

మా మామగారు పోయారన్న కబురు నాకు చెప్పింది ఆయన తమ్ముడు, మా చిన్నమామగారు. అన్నతో ఏళ్ల తరబడి మాట లేని తమ్ముడు. "మీ మామ పోయాడయ్యా! పొద్దున టీ తాగతా తాగతానే కూలబడ్డాడు" అని ఫోన్లో అరిచి పెట్టేశారు. ఆ ఇంటి మగవాళ్లకి మెల్లగా మాట్లాడటం రాదు, చావు కబురైనా సరే.

మామగారు శాంతమూర్తి అని రాస్తే పైనుంచి దిగొచ్చి నా చెంప పగలగొడతారు. ఆయన కోపిష్టి. గేదె కుడితి తాగకపోతే బాల్చీని తన్నేవారు. వాన పడుతుందని చెప్పినందుకు టీవీలో అమ్మాయిని బూతులు తిట్టేవారు. అలాంటి మనిషి మార్టూరు దగ్గర ఒక క్వారీ ఆసామి వాడి వదిలేసిన స్పోర్ట్స్ కారు కొన్నారు. రెండే తలుపులు, నేలకి ఆనుతుందా అన్నంత కిందికి ఉంటుంది. మిరప చేల దారుల్లో అది నడిచింది తక్కువ, పొట్ట గీసుకున్నది ఎక్కువ. దాని ఎర్ర రంగు బాగానే ఉంది గానీ బంపర్ల అంచులూ, అద్దాల చుట్టూ ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీలూ గుంటూరు ఎండలకి బూడిద రంగుకి తిరిగాయి. ఆ వెలిసిన రంగు చూస్తే ఆయనకి ఒళ్లు మండేది.

ఊళ్లో ఒకాయన ప్రేమగా పత్తిగింజల నూనె తెచ్చి పూయబోతే మామగారు ఆ సీసా లాక్కుని గోడకేసి కొట్టారు. "నూనె రాస్తే నాలుగు రోజులు మెరుసుద్ది. ఆ తర్వాత ఊళ్లో దుమ్మంతా దానికే అంటుకుద్ది. ఇంకోసారి వచ్చావంటే నీ నెత్తిన పోస్తా!"

ఆ ఇంట్లో అల్లుడు పుల్ల కూడా విరవకూడదు. నేను మంచినీళ్లు నేనే ముంచుకుంటేనే మా అత్తగారు నొచ్చుకుంటారు. మామగారు మాత్రం నన్ను నేల మీద కూర్చోబెట్టి, పట్టీలన్నీ పీకి ముందు పడేసి, చేతికి ఎమిరీ కాగితం ఇచ్చారు. "రుద్దు అల్లుడూ. ఏందా నిమరటం, పసిపిల్లనా? ఒళ్లంతా గీతలు పడితేగానీ కొత్త రంగు పట్టదు." నా వేళ్ల చర్మం లేచిపోయింది. నేను విసుక్కుని ఒక పట్టీని విసిరికొడితే ఆయన ఎంత మురిసిపోయారో చెప్పలేను. ఆ ఇంట్లో నేను చుట్టాన్ని కాకుండా పోయింది ఆ రోజే. అందుకు ఆయనకి రుణపడి ఉన్నాను.

రుద్దినవాటిని థిన్నర్‌తో తుడిచి, పల్చగా నలుపు కొట్టాం. నీడన ఆరబెడదామన్నాను. వినలేదు. మిరపకాయలకి పనికొచ్చే ఎండ పట్టీలకెందుకు పనికిరాదని, అన్నదమ్ముల ఉమ్మడి కళ్లంలో పట్టా పరిచి అక్కడే పెట్టారు. పక్కనే చిన్నమామగారు ఎండిన కాయలు టిక్కీ గోతాలకెత్తిస్తున్నారు. గాలి తిరిగింది. కారం దుమ్మూ, గింజలూ వచ్చి తడి రంగు మీద పడ్డాయి.

మామగారు ఒక పట్టీ తీసి తమ్ముడి నుదుటి మీద కొట్టారు. నెత్తురు కారింది. చిన్నమామగారు అన్నని ఎత్తి కాయల రాశిలో పడేసి గుండెల మీద కూర్చుని గుద్దారు. అడ్డం వెళ్లిన నాకు మూతి పగిలింది. కళ్లలో కారం పడి ఇద్దరికీ చూపు ఆనలేదు, అయినా ఆపలేదు. ఎదుటివాడి ముఖం ఎక్కడుందో తడిమి మరీ కొట్టుకున్నారు. చివరికి మా అత్తగారు మజ్జిగ కుండ తెచ్చి ఇద్దరి నెత్తినా కుమ్మరించారు. పట్టీల కోసం తోడబుట్టినవాణ్ని కొట్టే మూర్ఖుణ్ని నేనింకెక్కడా చూడలేదు.

అన్నదమ్ముల మధ్య మాటలు ఆ రోజే పోయాయి. ఆ తర్వాత మామగారు ఒక్కరే కూర్చుని పట్టీలన్నీ మళ్లీ రుద్ది, మళ్లీ నలుపు కొట్టి, కారుకి బిగించారు. దాన్ని తెచ్చి తన వాకిట్లోనే, పక్కింట్లో ఉండే తమ్ముడి గుమ్మానికి ఎదురుగా పెట్టారు. రోజూ అక్కడే నిలబడి ఆ ఇంట్లోకి వినిపించేలా దగ్గుతూ తుడిచేవారు. ఎందుకిదంతా అని అడిగితే నా మీద విరుచుకుపడ్డారు. "వాడొచ్చి ఒక్క మాట అనాలయ్యా! బాగుందని అనక్కర్లా. తిట్టినా చాలు. నేనే పోయి పలకరిస్తే నా తలకాయ ఎక్కడ పెట్టుకోను?" చిన్నమామగారు కిటికీలోంచి చూసేవారు, బయటికి వచ్చేవారు కాదు. ఇద్దరినీ కలిపి తన్నాలనిపించేది నాకు. తన్నకుండా ఊరుకున్నానే అని ఇప్పుడు ఏడుపొస్తోంది.

నేను వెళ్లేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. చిన్నమామగారు దూరంగా, తన గుమ్మంలోనే, రాయిలా నిలబడి ఉన్నారు. కన్నీళ్లు లేవు. పాడె కట్టడానికి ఎవరో వెదురు బొంగులు తెచ్చి, చోటు లేక, కారు బంపర్‌కి ఆనించారు.

చిన్నమామగారు ఒక్క ఉరుకున వచ్చారు. బొంగుల్ని కాలితో తన్నేశారు. తెచ్చినవాడి చొక్కా పట్టుకుని ఈడ్చి చెంప మీద కొట్టారు. "కళ్లు పోయినయ్యా? గీతలు పడవంట్రా? మా అన్న చూశాడంటే నిన్నిక్కడే నరుకుతాడు!"

రెండో దెబ్బకి లేచిన ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మెల్లగా దించి, కారు ముందు మోకాళ్ల మీద కూలబడి, భుజం మీది తువ్వాలుతో ఆ నల్ల పట్టీ తుడవడం మొదలుపెట్టారు. పాడె మోయడానికి రమ్మని పిలుస్తున్నారు. ఆయన తలెత్తలేదు. ఇంకా తుడుస్తూనే ఉన్నారు.