పిన్ని నాలుక, బాబాయి తీర్పు

మా పిన్ని బీరు తయారుచేసే చిన్న కర్మాగారంలో ఈస్ట్‌ను సాకుతుంది. సాకడం అన్న మాట ఆమెదే. తొట్టెలో ఈస్ట్ నురగలు కక్కుతూ పొంగితే ఆ రోజంతా కూనిరాగాలు తీస్తుంది. అది చలికి ముడుచుకుని పడుకుంటే ఆమెకు అన్నం సయించదు. ఇన్నేళ్లూ యజమాని చెప్పిన బీరే చేసింది, ఈమధ్యే మొదటిసారి తన సొంత బీరు ఒక తొట్టెడు పెట్టింది.

"కుదిరితే శనివారం అమ్మకానికి పెడదాం, లేకపోతే కాలవలో పారబోద్దాం. కుదిరిందో లేదో నువ్వే చెప్పు. నీ నాలుక మీదే నాకు నమ్మకం" అన్నాడు యజమాని.

సరిగ్గా ఆ వారమే ఆ నాలుకకు బెజ్జం పడింది.

పిన్ని కూతురు నాలుక కుట్టించుకుని పూస పెట్టించుకుంటానని గోల పెడుతోంది. దాన్ని బెదరగొడదామని, "నీకంటే ముందు నేను కుట్టించుకుంటా, చూడు" అంది పిన్ని. అది బెదరలేదు సరికదా, "పద మరి" అంది. అన్న మాట వెనక్కి తీసుకోవడం పిన్నికి చేతకాదు. కుట్టే దుకాణంలో కుర్చీ ఎక్కింది, నోరు తెరిచింది, సూది దిగింది. అది చూసి కూతురు కళ్లు తేలేసింది. నీళ్లు చల్లి లేపాక, "నాకొద్దమ్మా" అంది.

కుట్టిన అమ్మాయి జాగ్రత్తలు చెప్పింది. "ఉప్పునీళ్లు పుక్కిలించండి ఆంటీ. పుండు మానేదాకా మందు ముట్టుకోవద్దు. బీరు అసలే వద్దు."

"మాది వడకట్టని బీరు. అందులో ఈస్ట్ బతికే ఉంటుంది. నా చేతులతో పెంచానమ్మా, చాలా శుభ్రం."

"బతికున్నదైతే మరీ వద్దు. మీ ఈస్ట్ మీకు ముద్దు గానీ, మీ పుండుకు కాదు కదా."

"రుచి చూసి ఊసేస్తా."

"ఊసినా వద్దు."

అప్పుడు పిన్నికి నిజంగా భయం వేసింది. తన బీరు కాలవపాలు కాకుండా కాపాడాలంటే ఇంకో నాలుక కావాలి. ఇంట్లో ఉన్నది బాబాయి నాలుకే. ఆయన కారు నడపడం నేర్పిస్తాడు. ఆ రోజు పాఠాలు అయ్యాక ఆయన్ను కర్మాగారానికి రప్పించింది. యజమానితోపాటు నేను, పిన్ని కూతురూ అక్కడే ఉన్నాం. పరీక్షకని, పారబోయడానికి పక్కన పెట్టిన పులిసిపోయిన బీరు ముందుగా ఇచ్చింది.

"బ్రహ్మాండం" అన్నాడు బాబాయి. మాకేం ఆశ్చర్యం కలగలేదు. పెళ్లయిన నాటినుంచీ పిన్ని మాడ్చిన కూర కూడా ఆయనకు బ్రహ్మాండమే.

పిన్ని తల పట్టుకుంది. కాసేపు ఆలోచించి లోపలికి వెళ్లి, ఈసారి రెండు గ్లాసులు తెచ్చింది. ఒకదానిలో అదే పులిసిన బీరు, రెండోదానిలో తన బీరు.

"ఏవండీ, ఇవి నావి కావు. మాకు పోటీగా ఉన్నవాళ్లవి. మొహమాటం లేకుండా చెప్పండి."

బాబాయి మొదటిది నోట్లో పోసుకుని మొహం చిట్లించాడు. "ఛీ. క్లచ్ తొక్కకుండా గేరు మార్చినట్టుంది."

నేను, పిన్ని కూతురు గోడకు తిరిగి నవ్వు ఆపుకున్నాం. రెండో గ్లాసులోంచి ఆయన ఒక గుటక వేశాడు. ఇంకో గుటక వేశాడు. పిన్ని నాలుక బాధ మరిచిపోయి పెదవి కొరుక్కుంటోంది. ఆయన గ్లాసు ఖాళీ చేసి, అడుగున మిగిలిన నురగ వంక దిగులుగా చూశాడు.

"మెత్తగా బయల్దేరింది, మలుపులో చేదు తగిలింది, కుదుపు లేకుండా ఆగింది" అని, పిన్నిని చూసి గొంతు తగ్గించాడు. "ఏమీ అనుకోకు. వాడెవడో గానీ, నీకంటే బాగా చేశాడు."

పిన్ని పళ్లకు నాలుకపూస టకటకా తగిలేలా నవ్వింది. నొప్పికి, సంతోషానికి కళ్లనీళ్లు కారుతుంటే యజమాని ముందే ఆయన్ను కావలించుకుంది. "శనివారం అమ్మకానికి పెట్టండి సార్" అంది.

శనివారం అందరూ గ్లాసులు ఎత్తుతుంటే పిన్ని చల్లటి మంచినీళ్లు తాగుతూ కూర్చుంది. ఒక సీసా మాత్రం బాబాయి ఎవరికీ అందకుండా దాచాడు. పుండు పూర్తిగా మానిందని నాలుక కుట్టిన అమ్మాయి చూసి చెప్పిన సాయంత్రం, ఆయనే మూత తీసి ఇచ్చాడు.

పిన్ని కళ్లు మూసుకుని గుటకేసింది. చాలాసేపు తెరవలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు బాబాయి.

"వాడెవడో గానీ, బాగా చేశాడండీ" అంది.