రెండు వేళ్ల గంధపు చెక్క

1981. కృష్ణగిరిలో బెంగళూరు రోడ్డు పక్కన ఒక లారీ బుకింగ్ ఆఫీసులో నేను గుమాస్తాను. బుకింగ్ ఆఫీసంటే సరుకున్నవాడికి లారీని, లారీ ఉన్నవాడికి సరుకును కుదిర్చే చోటు. సరుకు ఎవరిది, ఎన్ని మూటలు, ఎక్కడికి అని వేబిల్లు రాసి డ్రైవరు చేతికివ్వడం నా పని. చాలా ఏళ్లు ఆ బల్ల ముందే కూర్చున్నాను. అన్నేళ్లలో గర్వంగా తలుచుకునే రోజు ఒకటుంది. ఆ గర్వంలో నా వాటా చిన్నది. పెద్ద వాటా ఎల్లప్ప అనే డ్రైవరుది.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఆ రోజుల్లో మా దారిలో ఒక అలవాటుండేది. చెక్‌పోస్టులో లారీని సోదా చేసేటప్పుడు డ్రైవరు ఒక తెల్లకాగితం అడుగున వేలిముద్ర వేసి, కాఫీ తాగడానికి పోయేవాడు. సోదాలో ఏం దొరికిందో సాక్షుల ముందు రాసే పత్రాన్ని మహజరు అంటారు. అది డ్రైవరు కాఫీ తాగుతుండగా ఆ ముద్ర పైన తయారయ్యేది. తొందరగా బయటపడవచ్చని అందరూ అలాగే చేసేవాళ్లు. మునెప్ప అనే డ్రైవరు ఒకసారి ఫోను చేసి, "వేలిముద్ర అడగతా ఉండారు, ఏమి చేసేదప్పా?" అన్నాడు. "వేసి రాప్పా, సరుకుకు ఆలస్యమైపోతుంది" అన్నది నేనే. లారీలో లేని సరుకు దొరికినట్టు ఆ కాగితం మీద రాసుకున్నారని మునెప్పకు కోర్టులో చదివినప్పుడే తెలిసింది. లైసెన్సు పోయింది. బాగలూరు దగ్గర పూలతోటలో కూలికి కుదిరాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

నేను భజన గోష్ఠిలో పెరిగినవాణ్ని. మనిషి చెప్పే సాక్ష్యం దేవుడి ముందు చెప్పినట్టేనని మా నాయన పారాయణం చేసినప్పుడల్లా చెప్పేవారు. ఆ మాట వింటూ పెరిగి, ఇంకొకరి చేత ఖాళీ సాక్ష్యం ఇప్పించాను. ఆ దోషం నిద్రపోనివ్వలేదు. కోర్టుకు పోయి తెలిసిన వకీలు ఒకాయనను అడిగాను. ఆయన చెప్పినవి నాలుగే మాటలు. సోదా డ్రైవరు ముందు జరగాలి. ఏదైనా తీసుకుంటే రసీదు ఇవ్వాలి. రాసింది చదివి వినిపించాకే వేలిముద్ర. ఒక నకలు డ్రైవరుకు.

శనివారం భజనకు మా డ్రైవర్లు చాలామంది వచ్చేవాళ్లు. సగం మందికి చదువు రాదు. కానీ ఒకసారి విన్న పాట మరిచిపోరు. అందుకని ఆ నాలుగు మాటలకు వరస కట్టాను. హారతి అయ్యాక నేను ముందు అనేవాణ్ని, వాళ్లు అందుకునేవాళ్లు. "నా ముందర విప్పు. తీస్తే రసీదు ఇయ్యి. చదివి చెప్పు, వేలు పెడతా. నకలు నా చేతికియ్యి."

మా గోష్ఠికి పెద్ద అయిన రంగయ్య శెట్టికి అది నచ్చలేదు. "దేవుని ముందర లారీ సంగతులేమిటికప్పా?" అని అడిగారు.

"లారీ తోలేదీ ఆయన బిడ్డలే కదన్నా" అన్నాను.

మరుసటి శనివారం ఆ పాటకు తాళం ఆయనే వేశారు.

అది చింతపండు కాలం. ఎల్లప్ప మా కృష్ణగిరి పక్క పోచంపల్లి సంతలో అరవై మూటలు ఎత్తుకుని పొద్దున్నే బెంగళూరుకు బయలుదేరాడు. మధ్యాహ్నం, ఎదురుదారిన వచ్చిన లారీ ఒకటి మా ఆఫీసు ముందు ఆగింది. "మీ ఎల్లప్పను చెక్‌పోస్టులో నిలిపేసినారు. చింతపండు కింద గంధపు దుంగలు ఉండాయని ఎవరో చెప్పినారంట. వాడేమో వేలు పెట్టనని కూచోని ఉండాడు" అన్నాడు దాని డ్రైవరు.

ఏ చెక్‌పోస్టో రాయను, ఎవరినీ నొప్పించడం నా ఉద్దేశం కాదు. గంధం కేసంటే లారీ జప్తు, డ్రైవరు జైలు. గురుబరపల్లిలో ఎల్లప్ప ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. వేబిల్లు నకలు జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

ఎల్లప్ప లారీ బంపరు మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతి బొటనవేలిని పిడికిట్లో దాచుకుని ఉన్నాడు.

"వచ్చినారాప్పా" అన్నాడు. "పొద్దున్నుంచీ కాఫీ తాగి రా, కాఫీ తాగి రా అంటా ఉండారు. నాకు కాఫీ మింద అంత ఆశ లేదని చెప్పినాను."

అధికారికి తమిళంతో పాటు తెలుగూ వచ్చు. "ఏమయ్యా, మీ డ్రైవరు నాకే పాఠం చెప్తాడే. యాడ చదివినాడు?" అని అడిగాడు.

"భజనలో సార్" అన్నాను.

ఎగతాళి చేస్తున్నానేమోనని నా ముఖం చూశాడు. "సోదా వద్దని మేము చెప్పడం లేదు సార్. అన్ని మూటలూ దించండి. అతని ముందర దించండి, దొరికింది దొరికినట్టు రాయండి" అన్నాను. ఆయన టీ అంగడాయనను, పంక్చరు వేసే ఆయనను సాక్షులుగా పిలిపించాడు. హమాలీలు మూటలు దించుతుంటే ఎల్లప్ప ఒక్కొక్కటీ పైకి లెక్కపెట్టాడు. అరవై మూటల్లోనూ చింతపండే.

ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు చెక్‌పోస్టు సిబ్బందిలో ఒకతను డ్రైవరు సీటు వెనక నుంచి గుడ్డమూట లాగాడు. అందులో భజన తాళాలు, దేవుడి పటం, ఒక చిన్న గంధపు చెక్క.

"ఇది గంధమే కదా?" అన్నాడు అధికారి.

"గంధమే సార్" అన్నాడు ఎల్లప్ప. "బండి తీసే ముందర అరగదీసి దేవునికి బొట్టు పెడతాను. మా అవ్వ ఇచ్చింది."

అధికారి రాయడం మొదలుపెట్టాడు. పూర్తికాగానే ఎల్లప్ప, "చదివి చెప్పండి సార్" అన్నాడు. మూటల సంగతి చదివాక, "గంధపు చెక్క ఒకటి" అని చదివాడు అధికారి.

"ఎంతదో రాయలేదే సార్. మానంత ఉన్నా ఒకటే, వేలంత ఉన్నా ఒకటే."

కలం ఆగింది. టీ అంగడాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. అధికారి చెక్కను చేతిలోకి తీసుకుని, తన వేళ్ల పక్కన పెట్టి చూసి రాశాడు. రెండు వేళ్ల పొడవు, ఒక పక్క అరిగినది, దేవుడి పటంతో పాటు దొరికినది. మళ్లీ చదివాడు. కాగితం నా చేతికిస్తే నేనూ చదివి, అవే మాటలని ఎల్లప్పకు చెప్పాను. అప్పుడు అతను పిడికిలి విప్పాడు. ఆఖరి వరసకు ఆనుకునేలా వేలు పెట్టాడు.

"అడుగున పెట్టయ్యా, అంత చోటుండాదే" అన్నాడు అధికారి.

"వద్దు సార్. చోటు వదిలితే ఎవరన్నా ఇల్లు కట్టుకుంటారు."

అధికారి నకలు ఇచ్చాడు, చెక్కనూ తిరిగి ఇచ్చేశాడు. ఎల్లప్ప దాన్ని కళ్లకద్దుకుని, "వెనక్కి ఇచ్చినట్టు ఒక వరస రాసుకోండి సార్. రేపు మిమ్మల్ని ఎవరూ అడగకూడదు" అన్నాడు. ఆయన అతని వైపు తేరిపార చూసి, రెండు కాగితాల్లోనూ ఆ వరస రాసి చదివాడు, ఎల్లప్ప దానికీ ఆనించి వేలు పెట్టాడు. ఈసారి నవ్వింది ఆయనే.

హక్కు అడగడమంటే అధికారితో పోట్లాట అని నేను అంతవరకూ అనుకునేవాణ్ని. ఉన్నది ఉన్నట్టు రాయించుకోవడమే హక్కని, అది రాయించుకునేవాడితో పాటు రాసేవాణ్నీ కాపాడుతుందని ఆ రోజు తెలుసుకున్నాను. దేవుడి ముందు చెప్పిన సాక్ష్యమంటే ఏమిటో మా నాయన మాటల్లో విన్నాను. చదువురాని ఎల్లప్ప దగ్గర కళ్లతో చూశాను.

మర్నాడు ఎల్లప్ప దగ్గర నకలు తీసుకుని బాగలూరుకు పోయి, పూలతోట గట్టున కూర్చుని మునెప్పకు దాన్ని చదివి వినిపించాను. క్షమించమని అడిగాను. అతను కాగితం చేతిలోకి తీసుకుని, ఆఖరి వరసకూ వేలిముద్రకూ మధ్య చాలాసేపు చూశాడు.

"నా దాంట్లో ఎంత చోటుండెనో" అన్నాడు.

ఆ శనివారం భజనకు వచ్చాడు. హారతి అయ్యాక నేను లేవలేదు, ఎల్లప్పను ముందుకు పంపాను. నాలుగు మాటలయ్యాక అతను తనంతట తాను ఐదోది చేర్చాడు. రంగయ్య శెట్టి తాళం ఆపలేదు. మునెప్ప పక్కన కూర్చుని నేనూ అందరితో పాటు అందుకున్నాను. "చోటు వదలకు."