పదిహేడో నెంబరు సామాను

పోయిన వారం నాన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "షెడ్డు ఖాళీ అయింది. టేపు పట్టుకుని రా." అంతే, క్షేమ సమాచారాల ఊసే లేదు. ప్లీడరు కాబట్టి కోర్టులో నాలుగు మాటలతో పోయేచోట నలభై మాట్లాడతారు. ఇంట్లో వాళ్లకి రాసేటప్పుడు మాత్రం ఇలా పొదుపు చేస్తారు. దేవరాపల్లిలో నా ఉద్యోగం, చోడవరంలో మా ఇల్లు. ఆదివారం పొద్దున్న బస్సెక్కేను. కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ కూర్చున్నానే గాని, ఆ షెడ్డు గుర్తొచ్చి దారి పొడుగునా పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను. దాన్ని గీసింది నేను, కట్టించింది నేను. ఎనిమిదేళ్లలో ఒక్క పూట కూడా అది నేననుకున్న పని చెయ్యలేదు. దానికి కారణం మా మేనత్త. ఆవిడంటే నాకిప్పటికీ కోపమే, ఆ సంగతి ముందే చెప్పేస్తే రాయడం సులువు.

డెబ్బైలో మేము కొత్త ఇల్లు కట్టుకున్నాం. అప్పటికి నేను సివిల్ డిప్లొమా పూర్తిచేసి రెండు నెలలైంది. ఇరవయ్యొక్క ఏళ్లు, జేబులో టేపు, చెవి మీద పెన్సిలు. ఇంటి ప్లాను మేస్త్రి గీసేడు. కారు షెడ్డు మాత్రం నాన్న నాకు వదిలేరు. కారింకా లేదు. విశాఖపట్నంలో ఒక డాక్టరు గారి పాత కారు బేరం కుదిరింది, ఇల్లు పూర్తవగానే తెచ్చుకోవాలి. ఒకసారి వెళ్లి ఆ కారు పొడవు, వెడల్పు, తలుపు తీస్తే పట్టే జాగా అన్నీ కొలుచుకొచ్చేను. షెడ్డు పద్దెనిమిది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. ఎడమ గోడకి అడుగున్నర లోతు అరలు, టైర్ల కోసం. వెనక అటక, ఏడాదికోసారి వాడే పందిరి గుడ్డలు, పెద్ద జంబుకానాల కోసం. కడిగిన నీళ్లు నిలవకుండా నేలకి వాలు, మూల కాలవ, పక్కన కుళాయి. పొగ పోవడానికి పైన రెండు గవాక్షాలు. అన్నిటికన్నా నాకు గర్వంగా ఉన్నది మధ్యలో గొయ్యి. మెకానిక్కు కారు కిందకి దిగి నిలబడి పని చేసుకోవడానికి ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, ఇటుకతో కట్టిన గొయ్యి. అలాంటిది ఊళ్లో ఎవరి ఇంట్లోనూ లేదని నాన్న కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పేరు.

ఏ వస్తువు ఏ అరలో ఉండాలో జాబితా రాసేను. పాత అద్దె ఇంట్లో గది గదికీ తిరిగి, వస్తువు వస్తువుకీ నెంబరు వేసి, చివర్న ఒక శీర్షిక పెట్టేను: "పంపించేయవలసినవి". అందులో పదిహేడో నెంబరు మా అత్త సామాను.

అత్త నాన్నకి అప్ప, అంటే అక్క. మాడుగుల ఇచ్చేరు. మావయ్య అక్కడ హల్వా చేసేవాడు. ఆయన పోయేక మరుదులు కొట్టు తీసేసుకుని, పొయ్యి దగ్గరికి రానివ్వకపోతే, ఎడ్లబండి మీద నాలుగు ఇనప మూకుళ్లు, రెండు ఇత్తడి గుండిగలు, మనిషెత్తు తెడ్లు మూడు, ఒక రుబ్బురోలు వేసుకుని మా ఇంటికొచ్చేసింది. ఏడుస్తూ రాలేదు. బండివాడితో దారి పొడుగునా తగువాడుతూ వచ్చింది. వచ్చినరోజే పెరట్లో పొయ్యి పెట్టుకుంటానంది. ప్లీడరు గారి అప్ప హల్వా అమ్మిందంటే క్లయింట్లు ఏమనుకుంటారని నాన్న ఒప్పుకోలేదు. రెండేళ్లు ఆ మూకుళ్లు పెరట్లో బోర్లించి ఉన్నాయి. కొత్త ఇంట్లోనైనా పొయ్యికి చోటిమ్మని అడిగింది. కొత్త ఇంట్లో అసలే వీల్లేదన్నారు నాన్న. ఆ సామానంతా తూకానికి అనకాపల్లి ఇత్తడి కొట్టుకి పంపేద్దామని నాతో అన్నారు. నేను రాసేను. అందులో నాకు తప్పేమీ కనబడలేదు, వాడని వస్తువు జాగా తింటుందనే కదా డిప్లొమాలో మాకు నేర్పింది.

అత్తకి చదువొచ్చు. నేను బల్ల మీద వదిలేసిన జాబితా తీసి, వేలు పెట్టుకుంటూ చివరిదాకా చదివింది.

"పదేడు నా సామానంట. పద్దెనిమిది దగ్గర ఏటీ రాయలేదేటి, ఇంజినీరు బాబూ?"

ఇంకేమైనా గుర్తొస్తే రాద్దామని ఖాళీ ఉంచేనన్నాను.

"నన్ను రాసీ. తూకం బాగా వస్తాది." కాగితం మడిచి తన బొడ్లో దోపుకుంది. "ఉంచు. నేను సూసి సెప్తాను."

నేను ఇంకో ప్రతి రాసుకున్నాను. ఆ రోజునుంచి ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. రోజూ సాయంత్రం మాత్రం పని జరిగేచోటికి వచ్చి, గొయ్యి గట్టున కూర్చుని మేస్త్రితో కబుర్లు చెప్పేది.

గృహప్రవేశం నాడు పాలు పొంగించవలసింది ఇంటి ఆడపడుచు. భర్త పోయిన మనిషి చేతనా అని ఒకరిద్దరు గొణిగేరు గాని, నాన్నకి ఉన్న తోబుట్టువు ఆవిడొక్కతే. ఆ ముచ్చటకి మాత్రం పనికొస్తుంది కదా అన్నట్టు పట్టుచీర కొని ఇచ్చేరు. పొద్దున్న తొమ్మిదింటికి ముహూర్తం. హాలు నిండా జనం, నాన్న తోటి ప్లీడర్లందరూ వచ్చేరు. అమ్మ వంటింట్లో పాలగిన్నె ఆవిడ చేతికిచ్చింది. అత్త గిన్నె పట్టుకుని వంటింట్లోంచి బయటికి నడిచింది. హాలు దాటింది, వరండా దాటింది. ఏదో ఆచారం అనుకుని జనం కూడా వెనకాలే నడిచేరు. షెడ్డులోకి వెళ్లి చూస్తే నా గొయ్యిలో అడుగు లోతు మిగిల్చి ఇసక పోసి ఉంది, దానిమీద ఇటుకలు పేర్చి ఉన్నాయి, పుల్లలు సర్ది ఉన్నాయి. పెళ్లిళ్లలో తవ్వే గాడిపొయ్యి. నేను కొలత తీసి కట్టించినట్టే ఉంది, నేనే కట్టించేను మరి. ఆవిడ కర్పూరం వెలిగించింది. గవాక్షాల్లోంచి పొగ చక్కగా పోయింది. పాలు తూర్పు వైపుకి పొంగేయి.

నాన్న మొహం నల్లబడింది. నలుగురూ ఉన్నారని నవ్వుతూనే, ఈ ఇటుకలు తీయించెయ్యొచ్చు కదా అని పురోహితుణ్ణి అడిగేరు. పాలు పొంగిన పొయ్యి ఏడాది తిరక్కుండా కదిపితే ఇంటికి మంచిది కాదన్నాడాయన. ఆలోచించకుండా, అడగ్గానే అన్నాడు.

"అప్పా, రేపు కారొస్తాది. ఎక్కడ పెట్టమంటావు?" అన్నారు నాన్న, నెమ్మదిగా.

"నా మూకుళ్లు ఎక్కడ పెట్టమన్నావో అక్కడెట్టు తమ్ముడూ."

మేస్త్రి ఇసక పోయించేడని తర్వాత తెలిసింది. పురోహితుడికి ముందురోజే మామిడిపళ్ల బుట్ట వెళ్లిందనీ తెలిసింది. ఆ నడకకి అమ్మ ఒక్కతే ఆశ్చర్యపోలేదని మాత్రం నాకు ఆ నిమిషంలోనే తెలిసింది.

పెరట్లో మూకుళ్లు తడిసినట్టే కారు వీధిలో తడిసింది. టార్పాలిన్ కప్పేం. దాని మీద కోళ్లు పడుకునేవి. ఏడాదయ్యేక నాన్న పొయ్యి తీసేద్దామంటే, అప్పటికి ఆయన క్లయింట్లే వాయిదాల మధ్య షెడ్డు ముందు నిలబడి ఆకుల్లో హల్వా తింటున్నారు. నా టైర్ల అరల్లో పళ్లేలు సరిగ్గా పట్టేయి. నా కుళాయి దగ్గర గోధుమలు నానేవి, నా వాలు మీదుగా కడుగునీళ్లు నా కాలవలోకి పోయేవి. నాన్న ఆవిడతో మాట్లాడటం మానేసి, ఏం కావాలన్నా అమ్మతో "ఆ మనిషికి చెప్పు" అనేవారు. ఆ మనిషి పక్కనే నిలబడి ఉండేది. మూడో ఏట కారు అమ్మేసేరు. అత్త వీధిలో అందరికీ హల్వా పంచిపెట్టేది. నాకు మాత్రం పెట్టేది కాదు. ఒకసారి సెలవులకొచ్చినప్పుడు, నెయ్యి వాసనకి తట్టుకోలేక, ఒక ముక్క పెట్టమని సిగ్గు విడిచి అడిగేను.

"పదేడో నెంబరు సామానుతో సేసింది బాబూ. నీకు పనికిరాదు," అంది, మూకుడులోంచి తల ఎత్తకుండా. ఎనిమిదేళ్లలో నాతో ఆవిడ అన్న మాట అదొక్కటే.

నెల కిందట మాడుగులలో సొంతానికి చోటు చూసుకుని వెళ్లిపోయిందట, నాన్నకి చెప్పకుండా. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి నాన్న షెడ్డు గుమ్మం దగ్గరే ఆగిపోయేరు. లోపలికి రాలేదు. "పూడ్పించీ. మళ్లీ కారు కొంటాను," అన్నారు. ఆయనకిప్పుడు చూపు సరిగా ఆనదు. నేను టేపు తీసి కొలిచేను. పద్దెనిమిది, పది. అంగుళం తేడా లేదు. ఇటుకలు మాత్రం లోపలిదాకా మాడి నల్లగా ఉన్నాయి. ఒక మూకుడు గాని, తెడ్డు గాని వదల్లేదు. అరల్లో పొడి గుడ్డ ముక్క కూడా లేదు.

తలుపు వెనక ఒక కాగితం మేకుకి గుచ్చి ఉంది. నెయ్యి మరకలతో పసుపుపచ్చగా అయిపోయిన నా జాబితా. "పంపించేయవలసినవి" కింద పదిహేడు దాకా నా అక్షరాలు. పద్దెనిమిదో నెంబరు ఎదురుగా పెన్సిలుతో, గుండ్రటి చేతిరాతలో, ఒకటే మాట: "కారు".

ఏ కాగితం మీదైనా కింద తేదీ వెయ్యకుండా వదలకూడదని మాకు నేర్పేరు. ఆవిడ తేదీ వెయ్యలేదు. కారు అమ్మేక రాసి ఉంటే అది జరిగిన సంగతి, కాగితం బొడ్లో దోపుకున్న సాయంత్రమే రాసి ఉంటే అది ప్లాను. ఎనిమిదేళ్లు గడిచేక ఏది ముందో ఏది వెనకో చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది, ఆవిడ నాతో మాట్లాడదు.